తొందరలో కొన్న సరుకుకు లెక్క



కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఎండలు ముదిరి బోరు ఒట్టిపోయిందంటే, ఇంటాయన నీళ్ల ట్యాంకరుకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్లో బేరం ఉండదు. వాడు ఎంతంటే అంత. రాత్రి పదకొండింటికి తెస్తానన్నా సరే, ట్యాంకరు నిండా నీళ్లున్నాయో లేదో చూసుకునే ఓపిక లేకపోయినా సరే. దొడ్లో ఎనుములు ఖాళీ తొట్టిని నాకుతుంటే బిందె ఎంత పడిందని ఎవరు లెక్కేస్తారు? అదే మనిషి మామూలు రోజుల్లో ప్రొద్దుటూరు అంగట్లో పది రూపాయల కోసం పావుగంట బేరమాడతాడు. నాలుగు అంగళ్లు తిరిగి, గుడ్డ వెలుతురులో పట్టి చూసి, అప్పుడు గానీ చెయ్యి జేబులో పెట్టడు. అవసరం నెత్తిమీద పడ్డప్పుడు మాత్రం కొనేవాడి చెయ్యి కింద, అమ్మేవాడి చెయ్యి పైన.

కోవిడ్ విరుచుకుపడ్డ 2020 మార్చి నెలాఖరులో ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ ఒకేసారి అలాంటి ఫోనే చేశాయి. నీళ్లకు కాదు. మాస్కులకు, చేతి తొడుగులకు, పరీక్ష కిట్లకు, వెంటిలేటర్లకు. లాక్‌డౌన్‌తో ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు ఆగిపోయాయి. నాపరాళ్ల గనుల్లో రంపాలు ఆగాయి. బొంబాయి–మద్రాసు లైన్లో పగలూ రాత్రీ రైళ్లు కూసే స్టేషన్లో ప్రయాణికుల చప్పుడే లేకుండా పోయింది. ఏప్రిల్ 1న ఒక్క కడప జిల్లాలోనే 15 కేసులు బయటపడ్డాయి. ఆ నెల గడిచేసరికి రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కేసులున్న జిల్లాల్లో కర్నూలు ముందు వరసకు వచ్చింది. ఎవరికి సోకిందో, ఎవరికి సోకలేదో తేల్చడానికి పరీక్షలు చెయ్యాలి. పరీక్షకు కిట్లు కావాలి. కిట్లు దేశంలో చాలినన్ని లేవు.

ప్రభుత్వాసుపత్రికి మందు ఎలా వస్తుందో మామూలుగా ఎవరూ ఆలోచించరు. చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే ఫార్మసిస్టు మాత్రలు చేతిలో పెడతాడు. ఆ మాత్ర అక్కడికి చేరడం వెనక పెద్ద ప్రయాణం ఉంది. ఆసుపత్రులు తమకు ఏడాదికి ఏమేం కావాలో ఇండెంటు పంపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఇండెంట్లన్నీ కలిపి కొనే పని రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థది. అందరూ ఏపీఎంఎస్ఐడీసీ అంటారు. అది టెండరు పిలుస్తుంది. కంపెనీలు రెండు కవర్లు వేస్తాయి. ఒక కవర్లో తమ ఫ్యాక్టరీ, లైసెన్సులు, నాణ్యత సంగతులు. రెండో కవర్లో ధర. మొదటి కవరు నెగ్గినవాళ్ల రెండో కవరే విప్పుతారు. అందరికంటే తక్కువ చెప్పినవాణ్ణి ఎల్ వన్ అంటారు. ఒప్పందం వాడితో. సరుకు జిల్లా కేంద్రంలోని మందుల గిడ్డంగికి వస్తుంది, నమూనాలు ల్యాబుకు పోతాయి, అక్కణ్ణుంచి ఆసుపత్రులకు బట్వాడా. పొరుగున తమిళనాడు 1994లో ఇలాంటి సంస్థ పెట్టి, ఎక్కడికక్కడ కొనే పద్ధతిని ఒక్కచోటికి తెచ్చి, మిగతా రాష్ట్రాలకు దారి చూపించింది.

ఇదంతా నెలల పని. నెలలు పట్టాలి కూడా. ఆ ఆలస్యంలోనే పోటీ ఉంది, తనిఖీ ఉంది, కోట్ల రూపాయల ఆదా ఉంది. కానీ ఊపిరాడని రోగి మంచం మీద ఉన్నప్పుడు నెలలు ఎక్కడివి?

అందుకే చట్టంలోనే ఒక తలుపు పెట్టారు. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ చాలామంది చదవని సెక్షన్. విపత్తు ముంచుకొచ్చి సరుకు వెంటనే కొనాల్సి వస్తే, జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అందుకు అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు టెండర్లు పిలవాలన్న మామూలు పద్ధతిని మినహాయించినట్టే భావించాలి. సెక్షన్‌లో మొదటి సగం అది. అందరికీ గుర్తుండే సగం కూడా అదే. రెండో సగం ఇంకోటి చెబుతుంది. కొన్న సరుకు ఎలా వాడారో సంబంధిత అధికారి ధ్రువపత్రం రాసి ఇవ్వాలి, ఆ కాగితమే లెక్కలకు వోచరుగా చెల్లుతుంది. అంటే చట్టం టెండరును మాఫీ చేసింది గానీ కాగితాన్ని మాఫీ చెయ్యలేదు. 2020 మార్చి 14న కేంద్ర హోంశాఖ కోవిడ్‌ను విపత్తుగా ప్రకటించడంతో ఈ తలుపు దేశమంతా తెరుచుకుంది.

ఆ తలుపులోంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన సరుకుల్లో అందరికీ గుర్తున్నది దక్షిణ కొరియా కిట్టు.

రాష్ట్ర ప్రభుత్వం కొరియాకు చెందిన ఎస్‌డీ బయోసెన్సర్ కంపెనీ తయారుచేసే ర్యాపిడ్ టెస్ట్ కిట్లు 2 లక్షలకు ఆర్డరు పెట్టింది. ఒక్కో కిట్టు 730 రూపాయలు. అందులో లక్ష కిట్లు ప్రత్యేక విమానంలో వచ్చాయి. ఏప్రిల్ 17న తాడేపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి తానే ఆ కిట్టుతో పరీక్ష చేయించుకున్నారు.

ఆ కిట్టు చూడటానికి చాలా చిన్నది. అరచేతిలో ఇమిడిపోయే తెల్ల ప్లాస్టిక్ పలక, మధ్యలో సన్నటి కిటికీ, పక్కన చిన్న గుంత. వేలి కొసన సూదితో గుచ్చితే వచ్చే చుక్క రక్తం ఆ గుంతలో పడాలి. పైన బుడ్డిలోంచి రెండు మూడు చుక్కల ద్రావణం. కిటికీలో కాగితం పీల్చుకుంటూ తడి మెల్లగా పాకుతుంది. సీ అక్షరం దగ్గర గీత పడితే కిట్టు సరిగా పనిచేసినట్టు. దాంతో పాటు ఇంకో గీత కూడా పడితే ఒంట్లో ఆ వైరస్‌తో పోరాడిన ఆనవాళ్లు ఉన్నట్టు. పావుగంటలో అయిపోతుంది. గొంతులోంచి నమూనా తీసి, ఐసు పెట్టెలో పెట్టి, తిరుపతి లాంటి చోటున్న ల్యాబుకు పంపి రోజుల తరబడి ఎదురుచూసే కాలంలో, ఆ పావుగంట కోసం ఏ అధికారి ఆశపడలేదంటే నమ్మలేం.

ముఖ్యమంత్రి పరీక్ష చేయించుకున్న రోజే అప్పటి ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ ఒక సంగతి బయటపెట్టారు. తమ రాష్ట్రం 75,000 కిట్లు కొంటోంది, కిట్టుకు 337 రూపాయలు, జీఎస్టీ అదనం. కొరియా కంపెనీదే, కాకపోతే ఇండియాలో ఉన్న యూనిట్ నుంచి. ఇక్కడ చూస్తే 730. పన్ను కలిపి చూసినా దాదాపు సగం. ప్రతిపక్షాలు నిలదీశాయి, పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. కడప బజారులో కూరగాయలు కొనే ఆడమనిషికి కూడా అర్థమయ్యే లెక్క అది. ఒకే సరుకు, రెండు అంగళ్లు, రెండు ధరలు.

ప్రభుత్వం ఇచ్చిన జవాబు రెండు ముక్కల్లో ఉంది. ఆర్డరు పెట్టేనాటికి ఆ కంపెనీ ఇండియా యూనిట్‌కు తయారీకి అనుమతి రాలేదు, అందుకే కొరియా నుంచే తెప్పించాల్సి వచ్చింది. ఇది మొదటి ముక్క. రెండో ముక్క ఇంకా విలువైనది. కంపెనీ ఇదే సరుకును దేశంలో ఇంకెవరికైనా తక్కువకు అమ్మితే తామూ ఆ తక్కువ ధరే చెల్లిస్తామని ఆర్డరులోనే రాసుకున్నారు. దాని ప్రకారం కంపెనీకి నోటీసు ఇచ్చి, తక్కువ ధరే కడతామని అధికారులు ప్రకటించారు.

ఈ వ్యవహారంలో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని అప్పుడు ఊరూరా వాదించుకున్నారు. ఆ వాదన పక్కన పెట్టి ఆ ఒక్క వాక్యాన్ని చూడాలి. తొందరలో, చేతులు వణికే వేళ, ఎదుటివాడు ఎంతంటే అంత ఒప్పుకోవాల్సిన స్థితిలో కూడా ఎవరో ఒక గుమాస్తానో అధికారో ఆ షరతు టైపు చేయించారు. బేరమాడే అవకాశం లేనప్పుడు బేరాన్ని ముందుకు వాయిదా వేసే ఉపాయం అది. ఇప్పుడు నీ మాట, రేపు ధర తేలాక నా మాట. ట్యాంకరు వాడితో రైతు ఆ మాట అనలేడు. ప్రభుత్వం అనగలదు, ఎందుకంటే డబ్బు మొత్తం ముందే ఇవ్వాల్సిన పని దానికి లేదు. అత్యవసరంగా కొనే ప్రతి ఆర్డరులో ఈ వాక్యం ఉండాల్సిందే. అచ్చేసి ఉంచుకోవాల్సిన వాక్యం.

అదే ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టుకు ఇంకో కిట్ల గొడవ వెళ్లింది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, చైనా కిట్లకు ఆర్డరు పెట్టింది. దిగుమతిదారుకు కిట్టు 245 రూపాయలు పడింది. మండలికి 600 చొప్పున అమ్మకం. మధ్యలో ఉన్న పంపిణీదారూ దిగుమతిదారూ డబ్బుల దగ్గర తగవుపడి కోర్టుకెక్కారు కాబట్టి ఈ అంకెలు జనానికి తెలిశాయి. లేకపోతే ఆ 245 ఏ ఫైల్లో నిద్రపోయేదో. కోర్టు పన్నుతో కలిపి 400 మించకూడదని తేల్చింది. ప్రజలు ప్రాణభయంతో ఉన్న వేళ సొంత లాభం కంటే ప్రజల మేలు పైన ఉండాలన్నది ఆ తీర్పు సారం.

అయితే ధర ఒక్కటే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. రాజస్థాన్ ఆ చైనా కిట్లతో పరీక్షలు చేసి, నూటికి తొంభై సరిగ్గా చెప్పాల్సినవి 5.4 శాతమే సరిగ్గా చెబుతున్నాయని తేల్చింది. ఏప్రిల్ 27న ఐసీఎంఆర్ రెండు చైనా కంపెనీల కిట్లు వాడొద్దని, తిరిగి పంపెయ్యమని రాష్ట్రాలకు చెప్పింది. కిట్టు 245కు వచ్చినా, 600కు వచ్చినా, ఊరికే వచ్చినా, తప్పు జవాబు చెప్పే కిట్టు ఖరీదైనదే. జబ్బున్నవాడికి జబ్బు లేదని చెప్పి ఇంటికి పంపితే ఆ ఇంట్లో ముసలమ్మకు ఏమవుతుంది? మామూలు కొనుగోలులో ల్యాబుకు నమూనా పోయి వచ్చేదాకా సరుకు గిడ్డంగి దాటదు. తొందరలో ఎగిరిపోయే మొదటి మెట్టు అదే. మొత్తం సరుకుకు కాకపోయినా, మొదటి పెట్టెలోంచి వంద తీసి ఒక్కరోజు పరీక్షించే వీలు ఎంత తొందరలోనైనా ఉంటుంది.

కొత్తగా కొనే గొడవ లేకుండా గట్టెక్కిన దారీ ఒకటి ఉంది. క్షయ జబ్బు పట్టుకోవడానికి ట్రూనాట్ యంత్రాలు అప్పటికే జిల్లాల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ వాటినే కోవిడ్ పరీక్షలకు మళ్లించింది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో తయారైన కిట్లను కూడా ఏప్రిల్ 8న విడుదల చేశారు. ఇంట్లో ఉన్నదేమిటో చూసుకున్నాకే అంగడికి పోవాలన్నది ఏ సంసారికైనా తెలిసిన సంగతి.

మాస్కుల సంగతి వినడానికి ఇంకా హాయిగా ఉంటుంది. 2020 మార్చి 21న కేంద్రం రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10 రూపాయలు మించి అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉన్నంత మాత్రాన మెడికల్ షాపులో సరుకు ఉండదు కదా. ఏప్రిల్ 12న రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని నిర్ణయించింది. 16 కోట్ల మాస్కులు ఎవడు అమ్ముతాడు? ఎవడూ అమ్మడు. అందుకే పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పజెప్పింది. గుడ్డ ఇచ్చి కుట్టుకూలి ఇచ్చింది, మాస్కుకు మూడున్నర రూపాయలు.

రాయలసీమ పల్లెల్లో పొదుపు సంఘం అంటే బ్యాంకు లోను, కంతు, వారం వారం సమావేశం. ఆ సంఘంలో ఒక ఆమె ఇంట్లో ఉషా మిషనో, మెరిట్ మిషనో ఉంటుంది. పెళ్లిళ్లు లేవు, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు లేరు, మిషను మీద గుడ్డ కప్పి పెట్టింది. ఆ మిషనే మళ్లీ కదిలింది. గుడ్డ జానెడు వెడల్పున కత్తిరించి, మూడు మడతలు పెట్టి, అంచు మడిచి కుట్టి, నాలుగు కొసలకు నాడాలు తగిలించడం. చెయ్యి తిరిగినామెకు ఒక్కోటి నిమిషాల పని. ఇది వైరస్‌ను పూర్తిగా ఆపే మాస్కు కాదు, ఆసుపత్రిలో డాక్టరు పెట్టుకునే ఎన్95 కాదు. కానీ ఆ గుడ్డ మాస్కు చేతిలో ఉండి జనం షాపులకు ఎగబడకపోతే, షాపులోని మంచి మాస్కు నర్సుకు మిగులుతుంది. విమానం అక్కర్లేదు, దళారీ అక్కర్లేదు. డబ్బు ఊళ్లోనే ఆగింది. అత్యవసర కొనుగోళ్ల గురించి రాసే నివేదికల్లో ఈ మూడున్నర రూపాయలకు పెద్ద చోటు దొరకదు. దొరకాలి.

తొందరలో కొనే ఈ కష్టమే చాలా దూరంలో బ్రిటన్‌కూ వచ్చింది. అక్కడ రక్షణ దుస్తులు, మాస్కులు అమ్ముతామని వేల కంపెనీలు ముందుకొస్తే, మంత్రులు, ఎంపీలు, పెద్ద అధికారులు సిఫారసు చేసినవాళ్లకు ప్రత్యేక వరస పెట్టారు. అక్కడి ఆడిట్ కార్యాలయం 2020 నవంబరులో లెక్క తీస్తే, ఆ ప్రత్యేక వరసలో పదిమందిలో ఒకరికి ఆర్డరు దక్కింది. మామూలు వరసలో నూటికి ఒకరికన్నా తక్కువ. కాంట్రాక్టు కుదిరాక 30 రోజుల్లో దాని వివరాలు ప్రచురించాలని అక్కడి నిబంధన. అది పాటించనందుకు ఆరోగ్య మంత్రి చట్టం మీరారని 2021 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పింది. ఆ ప్రత్యేక వరసే చట్టవిరుద్ధమని 2022 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. 2020–21లో కొన్న రక్షణ సరుకు 1,210 కోట్ల పౌండ్లదైతే, అందులో 870 కోట్ల పౌండ్ల విలువను పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. పనికిరానిది, గడువు తీరేది, ధర పడిపోయినది.

అక్కడ నిజం బయటికి రావడానికి కారణం ఆ 30 రోజుల నిబంధన. కోర్టుకు వెళ్లినవాళ్ల చేతిలో ఒక తేదీ ఉంది. ఇక్కడ సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు అడగకముందే కొన్ని వివరాలు బయట పెట్టాలని 4వ సెక్షన్ చెబుతుంది. అయినా అత్యవసరంగా ఏం కొన్నారు, ఎవరి దగ్గర, ఎంతకు అన్నది తెలియాలంటే ఎవరో దరఖాస్తు పెట్టాలి, ఎవరో తగవు పడాలి, పక్క రాష్ట్రం మంత్రి ఎవరో ధర బయటపెట్టాలి. ఛత్తీస్‌గఢ్ ఆ రోజు ఆ 337 చెప్పకపోయి ఉంటే, ఆర్డరులో రాసుకున్న ఆ మంచి షరతు ఎప్పుడు, ఎలా పనికొచ్చేది? షరతు రాసుకోవడం సగం. పక్కవాడు ఎంతకు కొన్నాడో తెలియడం మిగతా సగం. ప్రతి రాష్ట్రం తన ధరలు వారంలోపు అందరికీ కనబడేలా పెట్టాలి. టెండరు లేని చోట పోటీకి మిగిలే ఆసరా అదొక్కటే.

మరుసటి ఏడాది వేసవికి కష్టం రూపు మారింది. ఈసారి గాలి.

ఆసుపత్రిలో పెట్టే పెద్ద ఆక్సిజన్ సిలిండరు మనిషి భుజం ఎత్తుంటుంది, అందులో ఏడు ఘనపు మీటర్ల గాలి పడుతుంది. నల్ల సిలిండరుకు మెడ దగ్గర తెల్ల రంగు ఉంటే అది వైద్యానికి, అంతా నలుపైతే వెల్డింగుకు. ఎర్రగుంట్ల ప్రాంతంలో, రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు ఉన్న కలమల్ల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల షెడ్లలో ఇనుము కోసే పనివాళ్లకు ఆ నల్ల సిలిండరు రోజూ చూసే వస్తువే. 2021 ఏప్రిల్ 22 నుంచి కొన్ని పరిశ్రమలకు తప్ప ఆక్సిజన్ ఇవ్వొద్దని కేంద్రం ఆపేసింది. ఉన్నదంతా ఆసుపత్రులకే. అయినా చాలలేదు.

కారణం ఆక్సిజన్ లేకపోవడం కాదు, అది ఎక్కడుందో అక్కడ రోగులు లేకపోవడం. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఉంది. ఒడిశాలో, జార్ఖండ్‌లో, విశాఖలో, బళ్లారి దగ్గర తోరణగల్లులో. మైనస్ 183 డిగ్రీల చలిలో ద్రవంగా చేసి, ప్రత్యేక ట్యాంకర్లలో తేవాలి. ఆ ట్యాంకర్లు దేశంలో కొద్దిగానే ఉన్నాయి. దేశంలో మొదటి ఆక్సిజన్ రైలు నింపుకున్నది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే. మహారాష్ట్ర నుంచి ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి వచ్చి, నింపుకుని తిరిగి వెళ్లాయి. నిండిన ట్యాంకరును విమానంలో ఎక్కించడం ప్రమాదం. అందుకే తెలంగాణ బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను సైనిక విమానంలో ఒడిశాకు పంపి, నింపి రోడ్డు మీద తెచ్చుకుంది. పోను మూడు రోజుల ప్రయాణం అలా మిగిలింది. డబ్బు పెట్టి కొనలేని సరుకు ఏదైనా ఉంటే, ఆ మూడు రోజులే.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం తగ్గిపోయింది. తమిళనాడు వైపు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. ట్యాంకరు వచ్చి, పీడనం మళ్లీ పెరిగేలోపు 11 మంది ప్రాణాలు పోయాయని అధికారులు చెప్పారు. వార్డులో చుట్టాలు అట్టముక్కలతో, నోటుపుస్తకాలతో విసురుతూ నిలబడ్డ దృశ్యాలు ఆ రాత్రి టీవీలో చూసినవాళ్లకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి రోగులు చేరే పెద్దాసుపత్రి అది. ఆక్సిజన్‌కు ఆర్డరు ఉంది, ధర కుదిరింది, డబ్బు ఉంది. ట్యాంకరు దారిలో ఉంది.

ఆ తర్వాత నెల రోజుల లోపే, ఎర్రగుంట్ల మీదుగా పోయే అదే రైలు మార్గంలో గుంతకల్లు వైపు వెళితే వచ్చే తాడిపత్రిలో ఒక పని జరిగింది. అక్కడ అర్జాస్ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. ఉక్కు తయారీకి అది ఆక్సిజన్ చేసుకుంటుంది. కాకపోతే వాయువుగా ఉంటుంది, ట్యాంకరులో పోసి పంపడానికి కుదరదు. ఆక్సిజన్‌ను ఆసుపత్రికి తేలేకపోతే ఆసుపత్రినే ఆక్సిజన్ దగ్గరికి తెద్దామని ఆలోచించారు. ఫ్యాక్టరీ పక్కన జర్మన్ హ్యాంగర్ అనే పెద్ద డేరాల్లాంటి షెడ్లు వేసి, గొట్టం లాగి, 500 పడకల తాత్కాలిక ఆసుపత్రి కట్టారు. 2021 జూన్ 4న ప్రారంభించారు. తోరణగల్లులో జిందాల్ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర కర్ణాటకలోనూ ఇదే పద్ధతిలో వెయ్యి పడకలు వేశారు. తాడిపత్రికి ద్రవ ఆక్సిజన్ రైళ్లు కూడా వచ్చాయి. తాడిపత్రి ఆసుపత్రి తెరిచేసరికి రెండో అల తగ్గుముఖం పట్టింది నిజమే. కానీ ఆ ఆలోచన ఏప్రిల్లోనే వచ్చి ఉంటే అన్న మాట మనసును వదలదు. ఫ్యాక్టరీ ఏప్రిల్లోనూ అక్కడే ఉంది. ఆక్సిజన్ ఏప్రిల్లోనూ అక్కడే ఉంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వారని తప్పు పడతారు గానీ, ఇక్కడ బావి ముందే ఉంది. అది బావి అని ఎవరి కాగితంలోనూ రాసి లేదు.

టీకాల కొనుగోలు ఇంకో రకం. 2021 మే 13న రాష్ట్రం కోటి డోసులకు ప్రపంచ టెండరు పిలిచింది. పద్ధతి ప్రకారమే, అందరికీ తెరిచి. జూన్ 3న గడువు ముగిసేసరికి ఒక్క కంపెనీ కూడా బిడ్డు వెయ్యలేదు. చాలా రాష్ట్రాలది ఇదే అనుభవం. టీకాల కంపెనీలు కేంద్రంతో మాట్లాడతామన్నాయి. రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి కొనడం వల్ల ఒరిగేదేమీ లేదని తేలింది. జూన్ 7న ప్రధాని కేంద్రమే కొని రాష్ట్రాలకు ఇస్తుందని ప్రకటించారు. అందరూ కలిసి కొనాల్సిన సరుకును విడివిడిగా కొంటే అమ్మేవాడి చెయ్యి ఇంకా పైకి పోతుంది. కిట్ల దగ్గర తెలిసిన ఈ సంగతే టీకాల దగ్గర మళ్లీ తెలిసింది.

2022 జనవరి 10న రాష్ట్రంలో 144 ఆక్సిజన్ ప్లాంట్లు ప్రారంభమయ్యాయి. ఖర్చు 426 కోట్ల రూపాయలు. ఇవి పీఎస్ఏ ప్లాంట్లు. కంప్రెసరు బయటి గాలిని పీల్చి, జియోలైట్ అనే గుండ్రటి తెల్ల గుళికలు నింపిన డ్రమ్ములోకి నెడుతుంది. ఆ గుళికలు గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకుంటాయి. మిగిలేది 93 శాతం దాకా ఆక్సిజన్. ఇది ఉన్న ఆసుపత్రి ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. రుయా రాత్రి లాంటిది మళ్లీ రాకుండా చేసిన పని ఇది, మెచ్చుకోవాల్సిన పని. అయితే ఆ యంత్రానికి తిండి ఉంది. వాడకపోతే కంప్రెసరు మొరాయిస్తుంది. ఫిల్టర్లు మార్చాలి. తేమ తగిలితే జియోలైట్ పాడవుతుంది. దుమ్ము ఎక్కువగా లేచే సీమలో ఫిల్టరు గడువు ఇంకా తక్కువ. దాన్ని నడపడం తెలిసిన టెక్నీషియను ఒకడు జీతం మీద ఉండాలి. అత్యవసరం రోజుల్లో పుట్టిన సరుకు చాలాచోట్ల ఆ అత్యవసరంతో పాటే జనం మరుపులోకి పోతుంది. ప్లాంట్లకు 426 కోట్లు పెట్టిన బడ్జెట్టులో, ఫిల్టరుకు ఏటా ఇంత అని ఒక గడి కూడా ఉండాలి.

ఆసుపత్రులకు అత్యవసరానికి స్థానికంగా కొనుక్కునే వీలూ, అందుకు కొంత డబ్బూ ఉన్నాయి. కాబట్టి జిల్లాలోని ఏ ఊళ్లో ఏముందో ముందే తెలిసి ఉండటం పెద్ద అక్కర. ఎర్రగుంట్ల మండలాన్నే తీసుకుంటే, ఏ ఫ్యాక్టరీలో ఎన్ని సిలిండర్లున్నాయి, ఏ షెడ్డులో జనరేటరు ఉంది, ఏ సంఘంలో ఎన్ని కుట్టుమిషన్లున్నాయి, ఏ లారీ ట్రాన్స్‌పోర్టు రాత్రికి రాత్రి బళ్లారి వెళ్లి రాగలదు అన్నది రెవెన్యూ వాళ్లు, సచివాలయం వాళ్లు కూర్చుంటే కొద్ది రోజుల్లో రాయగలిగిన జాబితా. ఏడాదికోసారి సరిచూడాలి. కడప గిడ్డంగిలో, కలెక్టరు బల్ల మీద ఒక్కో కాపీ ఉండాలి. దాని వెనక పేజీలో అత్యవసర ఆర్డరు నమూనా ఒకటి అచ్చేసి ఉంచాలి. దేశంలో ఇంకెవరికైనా తక్కువకు అమ్మితే ఇక్కడా అదే ధర అన్న ఆ కొరియా కిట్ల వాక్యం అందులో మొదటి షరతుగా ఉండాలి. ధర, తేదీ, అమ్మినవాడి పేరు వారంలోపు నోటీసు బోర్డు మీదా, వెబ్‌సైటులోనూ పెడతామన్న మాట రెండో షరతుగా ఉండాలి. కింద, 50వ సెక్షన్ అడిగిన ధ్రువపత్రానికి ఖాళీ, అధికారి సంతకానికి చోటు.